మా ఇంటివాళ్ళ పేర్లు

బాయిలరన్నను పట్టపగలు, మా కళ్ళముందే, ఆసుపత్రి బట్టలుతికే షెడ్డులో కొట్టి చంపారు. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు కాదు. మా పేటవాళ్ళు. అందులో ఒకడు నా తమ్ముడు.

ఎలా జరిగిందని అడుగుతున్న చదువుకునే పిల్లలకు చెబుతున్నాను. గుంపు దానంతటదే రేగదు. వినండి.

షెడ్డులో మేం నలభైమంది ఆడవాళ్ళం. సగం మా వాళ్ళు, సగం 'ఓడోళ్ళు'. వాళ్ళ తాతలు ఎప్పుడో ఓడెక్కి వచ్చారట. రంగు వేరు, ఇంట్లో మాట్లాడుకునే మాట వేరు. మూడు తరాలుగా ఇక్కడే పుడుతున్నా ఆ పేరు పోలేదు. బాయిలర్ నడిపే బాయిలరన్న కూడా వాళ్ళలోవాడే. ఆవిరి గొట్టం పగిలి మా వాళ్ళలో ఒకామె చెయ్యి కాలితే, బాయిలర్ మంట ఆపేసింది ఆయనే.

"గొట్టం మార్చేదాకా బాయిలర్ వెలిగించను" అన్నాడు.

నలభైమందిమీ పని ఆపి ఆయన వెనక కూర్చున్నాం. కాంట్రాక్టరు మూడురోజులు బతిమాలాడు. నాలుగోరోజు బెదిరించాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. మేం భయపడాల్సింది అప్పుడే.

ఆ వారమే పేటలో మాట పుట్టింది. ఓడోళ్ళు రోగుల నెత్తుటి గుడ్డలను పసిపిల్లల పొత్తిళ్ళలో కలుపుతున్నారట. కుళాయి దగ్గర విన్నాను. కిరాణా కొట్లో విన్నాను. చివరికి మా ఇంట్లో, తమ్ముడి నోట విన్నాను.

"ఎవడ్రా చెప్పింది నీకు?"

"అందరూ అంటున్నారక్కా."

"నేను పనిచేసేది అక్కడే కదరా! నన్నడగొచ్చుగా?"

"నువ్వు వాళ్ళతో కలిసి తింటావు. నీకేం కనబడుతుంది?"

సగం అన్నం కంచంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

గురువారం మధ్యాహ్నం గుంపుగా వచ్చారు. ముందు కేకలు వినబడ్డాయి, తర్వాత రేకుల మీద రాళ్ళు పడ్డాయి. గేటుకు తాళం వేసే ఉంది, కాంట్రాక్టరు మేస్త్రీ దాన్ని తియ్యడనుకున్నాం. తీశాడు. తీసి పక్కకు తప్పుకున్నాడు.

"మన ఆడవాళ్ళు ఇటొచ్చేయండి! మీకేం కాదు!" అని అరిచాడు.

మాలో ఒకరిద్దరు కదిలారు. అబద్ధమెందుకు, నా కాళ్ళూ కదిలాయి. అంతలో చెయ్యి కాలినామె, ఇంకా కట్టు కూడా విప్పలేదు, వెళ్ళి బాయిలరన్నకు అడ్డంగా నిలబడింది.

"ముందు నన్ను కొట్టండ్రా!" అంది.

అప్పుడు మేమూ ఆమె దగ్గరికి వెళ్ళాం. ఓడోళ్ళ ఆడవాళ్ళను బట్టలారేసే గదిలోకి నెట్టి, తలుపుకు వీపులు ఆనించి కొందరం, ఆయన చుట్టూ కొందరం నిలబడ్డాం. ఆడవాళ్ళను కాపాడుకున్నాం. ఆయన్ని కాపాడుకోలేకపోయాం. జుట్టు పట్టి మమ్మల్ని పక్కకు ఈడ్చింది మా మగవాళ్ళే. తమ్ముడి చేతిలో ఇనపకడ్డీ ఉంది. నన్ను చూశాడు. చూసి కూడా ఆగలేదు.

పోలీసులు అంతా అయ్యాక వచ్చారు. మా వాళ్ళలో పద్నాలుగుమందిని సాక్ష్యానికని స్టేషనుకు పిలిచారు. ఇన్‌స్పెక్టరు కాగితం ముందే రాసి ఉంచాడు. రెండు వర్గాల గొడవట. మొదలుపెట్టింది ఓడోళ్ళట.

"వేలిముద్ర వేసి ఇళ్ళకెళ్ళండమ్మా. కొట్టినవాళ్ళెవరో బయటివాళ్ళు. మీరు చూసుండరు."

బాయిలరన్న భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మా మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది.

"చూశాను" అన్నాను. "రాసుకోండి. మొదటి పేరు నా తమ్ముడిది."

"నీకు మతి ఉందా? సొంత తమ్ముడు!"

"నేనెత్తుకుని పెంచినవాడే. రాయండి. మేస్త్రీ తాళం తీశాడు, అదీ రాయండి. తియ్యమన్నదెవరో వాణ్ణే అడగండి."

చెయ్యి కాలినామె తన మొగుడి పేరు చెప్పింది. ఇస్త్రీ చేసే ముసలమ్మ ఇద్దరు కొడుకుల పేర్లు చెప్పబోయి, రెండోదాని దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పద్నాలుగుమందిమి, ఎవరింటివాడి పేరు వాళ్ళమే చెప్పాం.

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టేశాడు.

"రాయవా? మేమే గోడల మీద రాస్తాం" అంది ముసలమ్మ.

బయటికొస్తే వీధి నిండా పేట జనం. లోపల మేం చెప్పింది అప్పటికే వాళ్ళ చెవిన పడింది. ఎవరూ అరవడం లేదు. అరిచినా బాగుండేది. ముందు వరసలో తమ్ముడు, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని ఉన్నాడు. ఆ చేతుల్లో ఏముందో కనబడలేదు. ఇళ్ళకు పోవాలంటే వాళ్ళ మధ్యనుంచే పోవాలి.

బాయిలరన్న భార్య వెనకనుంచి వచ్చి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పద వదినా" అన్నాను.

పదిహేనుమందిమి, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మెట్లు దిగాం.