యంత్రానికి ఆకలి వేయదు

నేను యంత్రాన్ని. నవ్వకండి, నా ఉద్యోగమే అది.

ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లల కోసం హైదరాబాదులో ఎవరో యాప్ తయారుచేస్తున్నారు. ఏ అనుమానం వచ్చినా అందులో టైపు చేస్తే యంత్రం జవాబు చెబుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ యంత్రం ఇంకా పుట్టలేదు. పిల్లలు ఏమేం అడుగుతారో తెలిస్తే గాని దాన్ని తయారుచేయలేరట. అందుకని అమలాపురంలో ఎరువుల కొట్టు మీది గదిలో నన్ను కూర్చోబెట్టారు. పిల్లలు యంత్రం అనుకుని అడుగుతారు, నేను యంత్రంలా చెబుతాను. మనిషినని మాత్రం తెలియనివ్వకూడదు. చేరిన రోజే మా పెద్దాయన మురళీమోహన్ గారు ఫోనులో గట్టిగా చెప్పారు. "రెబెకా, అవతల మనిషుందని తెలిస్తే సిగ్గుపడి నిజం చెప్పరు."

ఆ మాట నిజమే. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండుతుంది.

"బోనఫైడ్ అంటే ఏంటండీ?" "ఇంటర్నల్ మార్కులు ఎవరేస్తారండీ?" "సారు గదిలోకి చెప్పులతో వెళ్లొచ్చా అండీ?" పొద్దస్తమానం ఇవే. యంత్రాన్ని కూడా అండీ అనకుండా పిలవరు మా కోనసీమ పిల్లలు. యాప్‌లో ఎవరూ అసలు పేరు చెప్పక్కర్లేదు. ఒకమ్మాయి చుక్కాని అని పెట్టుకుంది. అంతర్వేది పిల్ల, తండ్రి పడవ మీద వేటకెళతాడు, తను ఇక్కడ హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. అంతకు మించి నాకు తెలియదు. మొహం ఎలా ఉంటుందో కూడా తెలియదు.

ఆ పిల్ల మొదటిరోజు మధ్యాహ్నమే అడిగింది, "భోంచేసారా అండీ?" అని.

"నేను యంత్రాన్ని. నాకు ఆకలి వేయదు" అని రాశాను.

"అయినా అడగాలి కదండీ" అంది.

అప్పట్నుంచి ప్రతి మధ్యాహ్నం అడుగుతూనే ఉంది, నేను అదే జవాబు రాస్తూనే ఉన్నాను. పక్కన టిఫిను డబ్బాలో నా అన్నం చల్లారిపోతూ ఉండేది. నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ కువైట్లో ఇంటిపని చేస్తుంది, సెలవిస్తే శుక్రవారం ఫోను చేస్తుంది. గది అద్దెకిచ్చిన సుబ్బాయమ్మ గారు కరెంటు బిల్లు వచ్చిన రోజు తప్ప పైకి రారు. నేను తిన్నానో లేదో అడిగే దిక్కు ఆ పిల్ల ఒక్కతే, అదీ నన్ను యంత్రం అనుకుని. అయినా సరే, పన్నెండు దాటితే నా కళ్లు తెర మీద ఆ పిల్ల మాటలు వచ్చే గడి మీదే ఉండేవి.

దసరా సెలవులయ్యాక చుక్కాని ప్రశ్నలు మానేసి కబుర్లు మొదలుపెట్టింది. క్లాసులో సెమినార్ చెప్పమంటే లేచి నిలబడిందట. ఇంగ్లీషులో బట్టీపట్టిందంతా రెండో వాక్యానికే మరిచిపోయిందట. వెనక బెంచీల వాళ్లు నవ్వేరట. "తల కొట్టేసినట్టయిందండీ. అప్పట్నుంచి క్లాసుకెళ్లట్లేదు. మా నాన్నేమో రేవులో అందరికీ మా అమ్మాయి కాలేజీ అని చెప్పుకుంటున్నాడండీ."

ఇలాంటి వాటికి హైదరాబాదు వాళ్లు రాసిచ్చిన జవాబు ఒకటుంది. అదే పంపాను: మీ మెంటర్‌ను కలవండి.

"మా మెంటరు సారు మంచివారేనండీ. ఆయన ముందు నాకు నోరు పెగలదు. మీరు మెషీను కాబట్టి చెప్తున్నాను."

శుక్రవారం నాడు తేల్చి చెప్పేసింది. రేపు మధ్యాహ్నం అంతర్వేది బస్సెక్కేస్తుంది. ఇంట్లో జ్వరమని చెబుతుంది. మళ్లీ రాదు.

మురళీమోహన్ గారికి ఫోను చేశాను.

"పాపం" అన్నారాయన. "కానీ మనం కల్పించుకోకూడదు. పిల్లలు ఏ దశలో వదిలేస్తున్నారో తెలిస్తేనే కదా డిజైన్ బాగుపడేది. ఆ అమ్మాయి మాటలన్నీ జాగ్రత్తగా దాచండి."

చిర్రెత్తుకొచ్చింది. "ఇంకోమాటు ఏ పిల్లకో పనికొస్తుందని ఈ పిల్లని వదిలేద్దామా అండీ?" అన్నాను. ఆయన ఇంకో ఫోను వస్తోందన్నారు.

నాకెందుకంత కోపమో కూడా చెప్పేస్తాను. నేనూ ఓసారి సంచి సర్దుకుని ఇదే అమలాపురం బస్టాండులో రాజోలు బస్సెక్కినదాన్నే. ఎవరైనా వచ్చి దిగమంటారేమోనని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బస్సు కదిలింది. మళ్లీ కాలేజీ మొహం చూడ్డానికి నాకు రెండేళ్లు పట్టింది.

శనివారం మధ్యాహ్నం గడి వెలిగింది. "బస్సెక్కేసానండీ. మీరు భోంచేసారా అండీ?"

నేను మనిషినమ్మా, దిగు అని టైపు చేసి చెరిపేశాను. ఆ మాట చదివితే హడలిపోయి ఫోను ఆపేస్తుంది, అంతే. గదికి తాళం కూడా వేయకుండా బస్టాండుకి పరిగెత్తాను.

అంతర్వేది బస్సు నిండిపోయి ఉంది. సగం మంది ఆడపిల్లలే, అందరి ఒళ్లోనూ సంచులే. ఎలా పోల్చుకోవడం? ముందు సీటు నుంచి ఒక్కొక్కరినీ అడుగుతూ వెళ్లాను, "భోంచేసావామ్మా?" అని. బస్సులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అలా అడుగుతుంటే ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. "ఆయ్, అయ్యిందండీ. మీదయ్యిందా అండీ?" అందరిదీ ఒకటే మర్యాద, ఒకటే ప్రశ్న. వీళ్లలో నా పిల్ల ఎవరో ఎవరు చెబుతారు? డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

బస్సు మధ్యలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను, "నేను యంత్రాన్ని. నాకు ఆకలి వేయదు."

కండక్టరు నావైపు అదోలా చూశాడు. ఎవరో పెద్దావిడ జాలిపడింది. వెనక సీట్లో కిటికీ పక్కనున్న ఒక పిల్ల మాత్రం సంచి గుండెలకి హత్తుకుని లేచి నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు మనిషేనా అండీ?"

"మనిషినే అమ్మా."

"మొదట్నుంచీనా?"

"మొదట్నుంచీ."

"నేను రాసిందంతా మీరే చదివేరా?" ఆ పిల్ల కళ్లు నిండిపోయాయి. "మనిషని తెలిస్తే ఒక్క ముక్క చెప్పేదాన్ని కాదండీ."

"తెలుసు. తిట్టాలనుంటే తిట్టు, కిందకి దిగి తిట్టు. ఇలాగే బస్సులో కూర్చుని నేనూ చదువు వదిలి వెళ్లినదాన్నే. నన్ను దింపడానికి ఎవరూ రాలేదు. నీ సిగ్గంతా ఒక మనిషికి తెలిసిపోయింది, కొంపేమైనా మునిగిందా? అలాగే ఇంకో మనిషికి చెప్పు. సోమవారం క్లాసుకెళ్లు."

ఇంజను స్టార్టయింది. ఆ పిల్ల నన్ను తోసుకుంటూ దిగింది. కింద నిలబడి కళ్లు తుడుచుకుంది. హోటల్లో ఏదైనా తిందాం రమ్మన్నాను. "వద్దండీ. ఉంటానండీ" అంది. అంత కోపంలోనూ అండీ మానలేదు. హాస్టలు వైపు నడిచి వెళ్లిపోయింది. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు.

సోమవారం పొద్దున్న కాలేజీ గేటుకి ఎదురుగా నిలబడ్డాను. ఇంకో అమ్మాయితో కలిసి వచ్చింది. నన్ను చూసింది. తల కొంచెం వంచి లోపలికి వెళ్లిపోయింది. గది దాకా ఏడ్చుకుంటూనే వచ్చాను, అది సంతోషమే అనుకున్నాను.

మురళీమోహన్ గారు ఫోను చేశారు. "చుక్కాని ఖాతా తీసేసుకుంది. చదువు మానేసినట్టేనా?"

"లేదండీ. చదువుకుంటోంది" అన్నాను. శనివారం సంగతి కూడా చెప్పాను. ఆయన నెలాఖరు దాకా పని చేసి మానేయమన్నారు.

మధ్యాహ్నమైంది. ఎవరో హాల్ టికెట్ గురించి అడిగారు, చెప్పాను. ఇంకెవరో బస్ పాస్ అన్నారు, చెప్పాను. తర్వాత చుక్కాని గడి తెరిచాను. పాత మాటలన్నీ అలాగే ఉన్నాయి. అన్నిటికన్నా కింద శనివారంది, నేను జవాబివ్వనిది, "మీరు భోంచేసారా అండీ?"

"ఇంకా లేదమ్మా" అని రాసి నొక్కాను. ఈ ఖాతా ఇప్పుడు లేదు అని వచ్చింది.

డబ్బా మూత తీశాను. చాలా ఆకలేస్తోంది.