అన్నీ సోడాలే

"సబిన్‌స్పెక్టరు వచ్చి అడిగితే పిల్ల తానే తాగిందని చెప్పు. నువ్వు చదివినదానివి. నీ మాటైతే నమ్ముతారు."

మా ఆయన ఆ మాట అన్నప్పుడు నేను వంటింట్లో డబ్బాలు పెట్టే చెక్క గోడపలక తుడుస్తున్నాను. రమీజాను మట్టిలో పెట్టి అది మూడోరోజు. జియారత్ ఫాతిహా చదివించడానికి మనుషులు వస్తారు, వాళ్లకు అన్నం పెట్టాలి, వంటిల్లు శుభ్రంగా ఉండాలి. బిడ్డ పోయిన తల్లికి కూడా ఆ పని తప్పదు. "తానే ఎట్లా తాగుతుంది?" అని అడిగాను.

"పెరట్లో డబ్బా తీసింది, చక్కెర అనుకునింది, నీళ్లలో కలుపుకునింది. పిల్లలు చెయ్యరా?"

నా బిడ్డ చెయ్యదు. ఏడేళ్ల పిల్లే, అయినా చెయ్యదు. కానీ ఆయన అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. మా ఇంట్లో నా జవాబు కోసం ఎవరూ ఆగరు.

మాది అద్దకం ఇల్లు. ధర్మవరం సావుకార్లు పట్టు పంపిస్తారు, చుట్టుపక్కల మగ్గాలవాళ్లు నూలు పంపిస్తారు. రంగు వేసేది మా ఆయన. ఆ రంగుకు కావలసిన నీళ్లు మోసేది, పొయ్యి కింద కంప ఎగదోసేది, తొట్లు కడిగేది నేను. వాన చూసి రెండేళ్లయింది. చిత్రావతిలో ఇసుక తవ్వి, చెలమలో ఊరే నీళ్లు చెంబుతో తోడి, బిందె నిండేదాకా కూర్చోవాలి. నేను మోసిన నీళ్లతో తడిసిన పట్టును చూసి సావుకార్లు "ఏం చెయ్యప్పా నీది!" అని ఆయన చేతిని మెచ్చుకునేవారు.

మా నాయన జిలాన్ బాషా గుంతకల్లు రైల్వేలో ఫైర్‌మన్. మా వాళ్లలో ఆడపిల్లను అనంతపురం కాలేజీకి పంపిన మొదటి మనిషి ఆయనే. ఇంటర్మీడియట్ సైన్సు పాసయ్యాను. నా పేరు హబీబా. అత్తగారింట్లో ఆ పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. వచ్చిన నెలలోనే "సైన్సమ్మ" అయిపోయాను. చారులో ఉప్పు ఎక్కువైతే "ఏమ్మే సైన్సమ్మా, ఇదేనా మీ కాలేజీలో నేర్పింది?" అని అత్త అడిగేది. ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, మొదట్లో.

కాలేజీలో మా మాస్టారు పరమాణువు బొమ్మ గీసి చెప్పిన పాఠం నీళ్లు తోడేటప్పుడల్లా నాకు గుర్తొచ్చేది. మధ్యలో కేంద్రకం, చుట్టూ కక్ష్యలు, కక్ష్యల్లో ఎలక్ట్రాన్లు. సోడియం చివరి కక్ష్యలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్. దాన్ని క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది, ఇద్దరూ కలిసి ఉప్పు అవుతారు. పేరు పెట్టేటప్పుడు ఇచ్చినదాని పేరు ముందు, అక్షరం మారకుండా చెప్పాలి: సోడియం. పుచ్చుకున్నదాని పేరుకే తోక మారుతుంది: క్లోరిన్ పోయి క్లోరైడ్. ఆ నియమం పెట్టినవాళ్లు మా ఇంటికి ఎప్పుడూ వచ్చి ఉండరు. ఇక్కడ ఇచ్చింది నేను, పేరు పోయిందీ నాకే. నిద్ర ఇచ్చాను, నడుము ఇచ్చాను, చదివిన చదువును మూటకట్టి అటక మీద పడేశాను. పుచ్చుకున్నవాళ్ల పేర్లలో ఒత్తు కూడా మారలేదు.

మా ఇంట్లో మూడు తెల్లటి సరుకులు ఉండేవి. కడుపునొప్పికి, వడలకు వాడేది ఒకటి. పట్టు జిగురు పోవడానికి సబ్బుతోపాటు ఉడకేసే చాకలిసోడా ఒకటి. నూలు రంగులకు వేసే కాస్టిక్ ఒకటి. బైకార్బొనేట్, కార్బొనేట్, హైడ్రాక్సైడ్. మూడింటికీ ముందు పేరు సోడియమే, ప్రాణం తీసేదీ నిలిపేదీ తోకలో ఉంది. మా ఇంట్లో మాత్రం మూడూ సోడాలే. అన్నీ ఒకే రకం డాల్డా డబ్బాల్లో ఉండేవి. "సోడా తే" అంటే ఏ సోడానో, అడిగినవాళ్లు నిలబడిన చోటును బట్టి తెలుసుకోవాలి. వంటింట్లో అడిగితే తినేది, పెరట్లో అడిగితే అద్దకానిది.

ఒకసారి కాగితం ముక్కల మీద పేర్లు రాసి గంజితో అతికించాను. ఆయన సాయంత్రానికల్లా గోకేశాడు. "ఇదేమన్నా మందులషాపా? వచ్చినోళ్లు నవ్వుతాండారు. మా నాయన కాలంనుంచి ఏ డబ్బా యాడుండాల్నో ఆడే ఉండాది. నీ రాతలతో పన్ల్యా."

రమీజాకు మాత్రం చెప్పుకున్నాను. పళ్లెంలో చింతగింజలు పేర్చి సోడియం చేసేవాళ్లం. చివరి వలయంలో ఒంటి గింజ. దాన్ని పక్క పళ్లెంలోకి నెట్టి నా బిడ్డ అడిగేది. "ఇచ్చేసినాక సోడియం ఏడవదా మా?"

"ఏడవదు. దానికి నెమ్మది అవుతుంది."

"ఎవురు చెప్పినారు? అడిగినారా దాన్ని?"

పెరట్లో మూడో డబ్బా ముట్టుకోకూడదని దానికి తెలుసు. ముట్టుకుంటే వేలు సబ్బులాగా జారుతుందని, తర్వాత చర్మం కాలుతుందని తెలుసు. వాళ్ల జేజికి, అదే మా అత్తకు కూడా అదే చెప్పేది. "జేజీ, అది హైడ్రాక్సైడు, ఆ పక్క పోవాకు." జేజి నవ్వి "నా తల్లీ, నీకూ వచ్చిందా ఆ పిచ్చి" అనేది.

ఆ రోజు నేను ఏట్లో చెలమ దగ్గర ఉన్నాను. కడుపు నొస్తోందని పిల్ల ఏడిస్తే మా అత్త ఫాతిమాబీ గ్లాసులో సోడా కలిపి ఇచ్చింది. కలపగానే గ్లాసు గోరువెచ్చనైతే కడుపుకు మంచిదే అనుకుందట. ఒక్క గుక్కే. నేను బిందెతో వచ్చేసరికి వీధి అంతా మా గుమ్మంలో ఉంది. ఆసుపత్రిలో నా బిడ్డ నోరు తెరవలేకపోయింది. కళ్లతోనే ఏదో అడిగింది. అదేమిటో నాకు ఎన్నటికీ తెలియదు. తెల్లారకముందే పోయింది. డాక్టరు పోలీసులకు కబురు పంపాడు. విచారణకు తర్వాత వస్తామని చెప్పి బిడ్డను మాకిచ్చారు.

ఆనాటినుంచి ఇంట్లో ఒకటే మాట తిరుగుతోంది. అత్త అంటుంది, "నేను వంటింట్లోంచే తీసుకున్నా. ఎప్పుడూ సోడా ఉండే చోటే." ఆయన అంటాడు, "ల్యామ్మా. పెరట్లోకి పోయి తెచ్చినావు. నీకు కండ్లు సరిగ్గా ఆనవు." అత్త తన మాటే రెండుసార్లు అంది, మూడోసారికి ఆమె గొంతు తగ్గిపోయింది. వయసు పైబడినవాళ్లకు కొడుకు మాట తమ కళ్లకంటే నిజం.

నేను పలక తుడుస్తూనే ఉన్నాను. తినే సోడా డబ్బా జరిపితే దాని పక్కన, కింద పరిచిన పేపరు మీద, ఒక గుండ్రటి మచ్చ. తడిగా ఉంది. వానలేని ఊళ్లో, పొయ్యి పక్కన, మూడు రోజులైనా ఆరని తడి. వేలు పెట్టాను. జారింది. సబ్బులాగా జారింది. పేపరు ఎత్తితే కింద చెక్క నల్లబడి, మెత్తగా తినేసి ఉంది. గాలిలో ఉన్న కాస్త చెమ్మనూ పీల్చుకుని తడిసేది ఆ మూడింట్లో ఒక్కటే. కాస్టిక్ డబ్బా ఈ పలక మీద నిలబడింది. తర్వాత ఎవరో దాన్ని మళ్లీ పెరట్లో పెట్టారు.

వేలు మండుతుంటే కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లాను. ఆయన దండెం మీద పట్టు చిలపలు, అద్దిన దారపు కట్టలు, సర్దుతున్నాడు. మిరపపండు ఎరుపు. రమీజా ఆ గుక్క తాగిన రోజు అద్దినవే.

"కాస్టిక్ డబ్బాను వంటింట్లో ఎందుకు పెట్టినావు?"

ఆయన చెయ్యి ఆగింది. అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడలేదు.

"పట్టు వచ్చింది గదా. పక్కన కాస్టిక్ ఉంటే ఎట్లా? ఒక్క పలుకు పడినా పట్టు కరిగి ముద్దయితాది. సావుకారికి ఏం చెప్పాల? అందుకని లోపల పెట్టినా. సాయంత్రం తీద్దామనుకున్నా."

పట్టు పురుగు గొంతులోంచి వచ్చిన దారం. దాన్ని కాస్టిక్ తినేస్తుందని ఈయనకు తెలుసు. తెలిసే దాన్ని దూరం చేశాడు, తినేవాటి పక్కకు. ఎవరికీ చెప్పలేదు.

"అత్తకు ఎందుకు చెప్పలేదు? ఆమె చేతిమీద ఎందుకు తోస్తాండావు?"

"యాడ తోసినా? అందుకే గదా పిల్ల తాగిందని చెప్పమంటాండేది!" గొంతు తగ్గించాడు. "నా పేరొస్తే ఎవురూ సరుకు పంపరు. అమ్మ పేరొస్తే ముసల్ది జైల్లో సస్తాది. సచ్చిన పిల్లను ఎవురేం చేస్తారు చెప్పు? దానికి పోయేదేముండాది?"

దానికి పోయేది ఉంది. ఈ లోకంలో నా బిడ్డకు మిగిలింది ఒక్కటే, అది ఎట్లా బతికిందన్న మాట. తెలివైన పిల్ల. చెయ్యొద్దన్నది చెయ్యని పిల్ల. రేపటినుంచి ఈ వీధిలో దాన్ని తలుచుకుంటే "చక్కెర అనుకుని కాస్టిక్ తాగిన పిల్ల" అంటారు. తండ్రి బతకడానికి బిడ్డ మరోసారి చావాలి.

నేను లోపలికి వచ్చాను. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మూడు రోజులుగా మెతుకు ముట్టలేదు. గ్లాసు ఇచ్చిన ఆ కుడిచేతిని ఒళ్లో కాకుండా, ఎవరిదో అన్నట్టు దూరంగా నేలమీద పెట్టుకుంది. నన్ను చూసి పిలిచింది. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి, వెక్కిరింపు లేకుండా.

"హబీబా. నువ్వు చదువుకున్నావు గదా. చెప్పమ్మీ. నేను పెరట్లోకి పోలేదే! వంటింట్లోనే తీసుకున్నట్టు గుర్తుండాదే! నాకు మతి పోయిందా?"

నేను ఆమె పక్కన కూర్చుని ఆ చెయ్యి తీసుకున్నాను. "మతి పోలేదు అత్తా. వంటింట్లోనే తీసుకున్నావు. ఆ డబ్బా ఆడ ఉండకూడదు. ఉండాదని నీకు ఎవరూ చెప్పలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. పెరటి గుమ్మం వైపు చూసింది. తర్వాత ఏడుపు వచ్చింది, మూడు రోజులుగా రానిది.

మధ్యాహ్నం సబిన్‌స్పెక్టరు వచ్చాడు. వీధి ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. మా ఆయనే ముందు మొదలుపెట్టాడు. "ఆటల్లో పడి పిల్ల తానే సోడా తాగింది సార్. మా ఇంటామె చదువుకున్నది, అడగండి."

"ఏం తాగిందమ్మా?"

"సోడియం హైడ్రాక్సైడ్. తానుగా తాగలేదు. కడుపునొప్పికి జేజి తినే సోడా అనుకుని ఇచ్చింది. అద్దకానికి వాడే ఆ డబ్బాను పట్టు పాడవుతుందని వంటింటి పలక మీదికి మార్చారు. ఆమెకు చెప్పలేదు. చెక్క మీద మచ్చ ఉంది, చూడండి."

సబిన్‌స్పెక్టరు లోపలికి వెళ్లి చూసి వచ్చాడు. "మార్చింది ఎవరు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ముఖంలో భయం లేదు, ధీమా ఉంది. మా వాళ్లలో ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. పలికితే మొగుడికి ఆయుష్షు తగ్గుతుందంటారు. రేషన్ షాపులో అడిగినా పక్కవాళ్లచేత చెప్పిస్తారు.

"పేరు చెప్పమ్మా, రాసుకోవాలి."

గుమ్మంలో ఎవరో ఆడమనిషి తొందరగా "రమీజా వాళ్ల నాయన అను" అని అందించింది. ఆ పేరుకు రమీజాను తగిలించడం నాకు ఇష్టం లేదు. మా అత్త నా వెనక నిలబడి ఉంది. వద్దనలేదు.

"ఖాజా పీర్," అన్నాను.