ముహూర్తం దాటించిన లెన్స్

ఫొటోగ్రాఫర్ తల ఊపందే తాళి కట్టించని కాలమిది. నగరి కల్యాణమండపంలోనూ అంతే. పదిన్నర లోపు ముహూర్తం. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. పురోహితుడు ఫొటోగ్రాఫర్ మునికుమార్ వైపు చూశాడు.

సరిగ్గా అప్పుడే లెన్స్‌లో ఫోకస్ కుదిర్చే మోటార్ గరగరమంది. పెళ్లికూతురు లోహిత మొహం తేటపడినట్టే పడి అలుక్కుపోయింది. పోయిన నెల సర్వీసుకిస్తే, దుమ్ము పడింది, మోటార్‌లో లోపం లేదని తిప్పి పంపారు. హోమం పొగ, అక్షింతలు లేని పెళ్లి ఎక్కడుందో ఆ కంపెనీ వాళ్లే చూపించాలి! చేత్తో ఫోకస్ తిప్పుదామంటే లెన్స్ చుట్టూ ఉన్న రింగూ ఆ మోటార్ మీదే నడుస్తుంది.

"ఒక్క నిమిషం సార్, అట్నే పట్టుకోండి."

అందరూ నవ్వు మొహాలతో అట్లాగే నిలబడ్డారు. మునికుమార్ లెన్స్ ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. బొమ్మ కుదిరింది. తల ఊపాడు. మేళం మోగింది.

భోజనాలయ్యాక లోహిత అవ్వ నాగరత్నమ్మ కెమెరాలో ఆ ఫొటో చూసింది. తాళిలో ప్రతి పూసా తేటగా ఉంది. పెళ్లికొడుకు చేతి వాచీ కూడా. ముల్లు పదిన్నర దాటి ఉంది.

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"బాగా వచ్చిండాది నాయనా. ఆ వాచీ ఒక్కటి మసక చేసెయ్."