రెండో గొంతు

నేను ఒక క్యాసెట్‌ని. తుప్పురంగు పూత పూసిన తొంభై నిమిషాల సన్నటి టేపు, దానికో ప్లాస్టిక్ డబ్బా. ఇంతే నా శరీరం. నా జ్ఞాపకమంతా బయటి నుంచి వచ్చిందే. మనుషులకూ అంతేననుకుంటాను.

1988లో మచిలీపట్నంలో నన్ను కొన్నది ఎస్తేరు, ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఆమెతో కలిసి ఉండే కనకవల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. రోజంతా ఊరి గొంతుల్ని కలిపే ఆ మనిషి తన గొంతు విప్పేది ఒక్క ఎస్తేరు దగ్గరే. ఒకే గది, ఒకే మంచం. ఇంటి యజమాని ఏమీ అడగలేదు. అడగకుండా ఉండటంలో మనుషులు చాలా తెలివి చూపిస్తారు.

కనకవల్లి కవితలన్నీ ఎస్తేరు మీదే. పత్రికలకు పంపితే తిరిగొచ్చేవి. చివరికి ఎస్తేరే ఒక ఆదివారం మధ్యాహ్నం కిటికీలు మూసి, పక్కింటివాళ్ల టేప్‌రికార్డరు తెచ్చి, నన్ను అందులో పెట్టింది. కనకవల్లి పదకొండు కవితలు చదివింది. కవితకీ కవితకీ మధ్య వీళ్ల మాటలు.

“గట్టిగా చదవ్వే. ఆ గొణుగుడేంటి, ట్రంకాల్ కలుపుతున్నట్టు?”

“నువ్వలా చూస్తుంటే నాకు రాదు.”

“సరే, గోడకి తిరిగి కూచుంటాలే.”

ఆ వెంటనే ఇద్దరూ నవ్వారు. అంత సంతోషం మోయడం నాకదే మొదలు, అదే చివర.

ఎనిమిదేళ్ల తర్వాత కనకవల్లి కామెర్లతో పోయింది. అన్నగారు శేషాచార్యులు వచ్చి కర్మ జరిపించి, కవితల నోటుపుస్తకాలు పట్టుకెళ్లాడు. అవి చెదలు తిన్నాయని తర్వాత తెలిసింది. ఇక ఆమె కవిత్వం ఉన్నది నాలోనే. అరిగిపోతానన్న భయంతో ఎస్తేరు నన్ను చీరల మధ్య దాచి, ఒక్కసారీ వినలేదు. ప్రేమించినదాన్ని ముట్టుకోకపోతే మిగులుతుందని మనుషుల నమ్మకం. ముట్టుకోకుండానే నా పూత రాలడం మొదలైంది.

ఇరవై ఏడేళ్లకి యామిని అనే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. స్త్రీలను ప్రేమించిన స్త్రీలు, పురుషులను ప్రేమించిన పురుషులు రాసిన కవిత్వాన్ని వాళ్ల గొంతుల్లోనే భద్రపరిచే గ్రంథాలయంలో పనిచేస్తుంది. నేను ఒక్కసారి మాత్రమే మోగగలనని ముందే చెప్పింది. మోగాను. నా పూత పొడిగా రాలింది. కంప్యూటరులోకి అంతా చేరింది, ఆ నవ్వుతో సహా.

అయితే కవితల మీద హక్కు అన్నగారిది. కవితలు వినిపించవచ్చు గానీ, ఆ రెండో ఆవిడ మాటలు ఉండకూడదు, పూర్తి నకలు కూడా చెరిపెయ్యాలి, అప్పుడే సంతకం అన్నాడాయన. క్రూరుడని నేననను. బహుశా ఆయన్ని భయపెట్టింది ఆ నవ్వే. తన ఇంట్లో చెల్లెలు ఎన్నడూ అలా నవ్వలేదు.

“మీరు వద్దంటే ఆపేద్దామండీ,” అంది యామిని.

ఎస్తేరు నా డబ్బా చేతిలోకి తీసుకుంది. “ఆపితే వల్లి గొంతు కూడా ఎవరూ వినరు కదమ్మా. నావి తీసెయ్యి. నేనేం కవిని కాదుగా.”

యామిని కవితల మధ్య మాటలన్నీ, ఆ నవ్వుతో సహా తీసేసి, పూర్తి నకలు చెరిపేసింది. ఆ మాటలున్న చోట అంతే నిడివి నిశ్శబ్దం ఉంచింది.

ఇప్పుడు నేను ఆ గ్రంథాలయంలో, చల్లటి గదిలో గాజుపెట్టెలో ఉన్నాను. ఇక మోగను. పక్కనే, కవితలు వినడానికి హెడ్‌ఫోన్లు. కనకవల్లి మౌనాల లోతు గురించి ఒక పరిశోధకుడు ఇరవై పేజీలు రాశాడట.

పోయిన నెల ఎస్తేరు వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. మొదటి కవిత అయ్యాక నిశ్శబ్దం వచ్చింది. ఆమె ముందుకు వంగి మెల్లగా అంది: “మోకాళ్లు బాలేవే. మెట్లెక్కలేకపోతున్నా.” రెండో కవిత అయ్యాక: “మన ఇల్లు పడగొట్టేశారు.”

అటెండరు వచ్చాడు. “మేడమ్, ఇక్కడ మాట్లాడకూడదండీ.”

ఎస్తేరు తలూపింది. మిగతా తొమ్మిది కవితలూ మాట్లాడకుండా విన్నది.