వేడినీటి బుగ్గ ఫారం

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. పదహారేళ్ళుగా అదే బస్సు, అదే దారి. నేను ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోయాయి. అందరూ పొగిడే ఆ వేడినీటి బుగ్గలో ఒక్క పూటైనా కూర్చుని రావాలని నా ఆశ.

నెల రోజులుగా అడుగుతుంటే ఆయన కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి వేస్తున్నారు. జనం ఎక్కువన్నారు. గంధకం కంపన్నారు. పదిమందిలో చొక్కా విప్పలేనన్నారు. చిన్నప్పుడు ఏటికి అడ్డంగా ఈదిన మనిషికి ఇప్పుడు సిగ్గు పుట్టుకొచ్చిందట. నాకు ఒళ్ళు మండింది. ఆదివారం భోజనాలవగానే, అటో ఇటో తేల్చేద్దామని ఫోన్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

టికెట్టు కొనే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. ముందు ఆయనది మొదలుపెట్టాను.

"బీపీ?"

"లేదు."

"గుండె జబ్బు?"

"లేదు."

"గర్భవతా?" అని కూడా అడిగాను. ఆయన నవ్వలేదు.

"ఫిట్స్ వస్తాయా?" అంటూనే లేదని నొక్కబోయాను.

"ఉన్నాయని పెట్టు," అన్నారు.

వేళాకోళమనుకున్నాను. మొహం చూస్తే కాదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిరుటి నుంచి. నాలుగుసార్లు వచ్చాయి. మాత్రలు వేసుకుంటున్నాలే."

"బస్సులో ఎప్పుడైనా?"

"ఒక్కసారి. స్కూలు ముందు. పిల్లలు దిగిపోయాక."

ఆ బస్సులో రోజూ ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళలో మా చెల్లెలి కూతురొకతి. పెదనాన్న బస్సని గొప్పలు పోతూ, కొట్లాడి మరీ ముందు సీట్లో కూర్చుంటుంది.

"నీళ్ళలో దిగనని అందుకేనా మొండికేసింది?"

"నీళ్ళలో వస్తే ప్రాణం పోతుందని డాక్టరు చెప్పాడు."

"మరి బస్సు గురించి ఏం చెప్పాడు?"

తల దించుకున్నారు. "డ్రైవర్నని ఆయనకి చెప్పలేదు."

జాలిపడాలో చెంప పగలగొట్టాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ ఒంటరిగా ఎంత భయపడ్డారో. ఆ భయంతోనే రోజూ తాళంచెవి ఎలా తిప్పారో. ఫారం మూసేసి, బస్సు యజమాని నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఫోన్ ఆయన ముందుంచాను.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"ఏంటన్నా, ఆదివారం పూట?" అన్నాడు యజమాని హుషారుగా.

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "రేపు బస్సుకి వేరే మనిషిని చూసుకోండి. నాకు ఫిట్స్ వస్తున్నాయి."



"ఎప్పటినుంచి అన్నా? మా వాడు కూడా నీ బస్సులోనే వస్తాడు కదా," అన్నాడు యజమాని.