కూతురి పేరు మీద నడక

హోటల్ లాండ్రీలో మిషన్ల రొదకి పక్కవాళ్ల మాటే వినపడదు. అయినా ఏప్రన్ జేబులోంచి వచ్చే ఆ గొంతు మాత్రం అక్కడ పనిచేసే ఆమెకి చెవిలో ఊదినట్టు వినపడేది.

"కుర్చీకి అతుక్కుపోయారా బాబూ? లేవండి లేవండి! ఇంకో ఐదొందలు నడిస్తే మీ సొమ్మేం పోయింది?" చివర్లో ఓ కిచకిచ నవ్వు.

ఆ గొంతు గల పిల్ల పోయి ఐదు నెలలైంది. సెలైన్ ఎక్కుతున్నా నోరు మూసేది కాదని వార్డులో అందరూ వసపిట్ట అనేవాళ్లు. వసపిట్టదీ ఆమె కూతురిదీ పక్కపక్క మంచాలు. ఇద్దరిదీ ఒకటే రక్త క్యాన్సర్, ఇద్దరూ ఒకే నెలలో గండం గట్టెక్కారు. జబ్బు తగ్గిన పిల్లలు ఇంట్లో ముడుచుకుపోకుండా నడవాలని, వేళకి తిని పడుకోవాలని ఆసుపత్రివాళ్లు ఫోన్లలో ఓ యాప్ పెట్టారు. హుషారు చేసే మాటలు వసపిట్ట చేత రికార్డు చేయించారు. పిల్ల పోయాక ఆ గొంతు తీసేద్దామంటే, ఉండనివ్వండని వసపిట్ట తల్లే బతిమాలింది.

ఇవాళ పదికి ఎంత అలసటగా ఉందని యాప్ రోజూ పొద్దున్నే అడుగుతుంది. వసపిట్ట ఓ రోజు ఏడు నొక్కింది. ఆ అంకె చూసి మధ్యాహ్నమే నర్సు రమ్మంది. జబ్బు తిరగబెట్టిందన్నారు. వెళ్లిన పిల్ల మళ్లీ ఇల్లు చూడలేదు. అప్పట్నించీ ఈ తల్లీకూతుళ్లకి ఏడంటే హడలు. నిజం చెప్పినందుకే జబ్బు వచ్చిపడిందన్నట్టు! తెలివితక్కువ ఆలోచనే. కానీ భయం దూరిన ఇంట్లో తెలివికి చోటెక్కడిది?

పదహారు రోజుల కింద కూతురు మంచం మీంచి లేవలేక, ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుంది. వేలు ఏడు మీద ఆగింది. తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ లాక్కుని రెండు నొక్కింది.

"అడుగులు కూడా చూస్తారు కదమ్మా?" అంది కూతురు.

"నువ్వు పడుకో బుజ్జీ. నేను నడుస్తాగా."

కూతురి ఫోన్ ఏప్రన్ జేబులో వేసుకుని నడిచింది. దుప్పట్ల బండి తోస్తూ నడిచింది, లిఫ్ట్ ఉన్నా మెట్లెక్కింది, భోజనం వేళ కారిడార్‌లో పచార్లు చేసింది. "ఈ వయసులో ఎవరికోసమమ్మా ఈ సన్నబడ్డం?" అని తోటి ఇస్త్రీ ఆమె ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంది. ఎనిమిది వేలు దాటితే ఆ రోజుకి పిల్లకి ఏమీ కానట్టే అనిపించేది. ఇంట్లో పిల్ల రోజురోజుకీ పాలిపోతోంది. జేబులో పిల్ల మాత్రం నవనవలాడుతూ మెట్లెక్కుతోంది.

ఆమె భయమంతా ఆ గొంతుతోనే. యాప్‌లో ఉన్నవి పదకొండు మాటలే, అన్నీ కంఠతా వచ్చు. కానీ ఓ సాయంత్రం మెట్ల మీద పన్నెండోది వినపడింది. "ఆంటీ, ఇది మీరు కదూ?" వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. మర్నాటి నుంచి ఫోన్‌కి తువ్వాలు చుట్టి జేబులో వేసుకుంది.

పదహారో రోజు మధ్యాహ్నం లాండ్రీ వెనక గుమ్మంలో వసపిట్ట తల్లి నిలబడి ఉంది. చిక్కి సగమైపోయింది.

"మా దాని ఫోన్ పాడైపోయింది. గొంతు విని నెలయింది. సాయంత్రం మీ ఇంటికొచ్చి బుజ్జి ఫోన్లో ఒక్కసారి వినొచ్చా? అదడుగుదామనే వచ్చా."

"దానికేం భాగ్యం అక్కా..." అంటుండగానే తువ్వాల్లోంచి సన్నగా వినపడింది. "శభాష్! ఎనిమిది వేలు! ఆ కాళ్లకి దణ్ణం పెట్టాలి!"

వసపిట్ట తల్లి కళ్లు మూసుకుని ఆ నవ్వు ఆఖరిదాకా వింది. కళ్లు తెరిచి ఏప్రన్ జేబు వైపు చూసింది.

"బుజ్జి ఫోన్ నీ దగ్గరుందేం?"

"ఛార్జింగ్‌కని..."

"ఎన్నాళ్లయింది?"

ఆమె తల దించుకుంది.

"నేను ఆరు వారాలు నడిచాను," అంది వసపిట్ట తల్లి. "అది లేవలేకపోతుంటే నేనే రెండు నొక్కాను, నేనే నడిచాను. నేను నిద్రలో ఉండగా ఓ పొద్దున అది తనంతట తనే ఏడు నొక్కుకుంది. అప్పటికే ఆలస్యమైందన్నారు డాక్టర్లు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా."

బుజ్జి తల్లి గోడకి చేరగిలబడింది. పిల్లకి కాపలా కాస్తున్నాననుకుంది ఇన్నాళ్లూ. పిల్లకీ నర్సుకీ మధ్య తలుపు మూసి, గడియ పట్టుకుని నిలబడింది తనే.

వసపిట్ట తల్లి ఆ జేబులోంచి ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టింది. నర్సు నంబరు రెండుసార్లు తప్పింది. మూడోసారి కలిసింది.

"బుజ్జి వాళ్లమ్మగారా! నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. ఈ నెల అడుగుల్లో మీ పాపే ఫస్టండీ!"

"ఆ అడుగులు నావి సిస్టర్." వసపిట్ట తల్లి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పిల్ల గుమ్మం దాటక పదహారు రోజులైంది. దాని అలసట రెండు కాదు. తొమ్మిది."

అవతల నర్సు నవ్వు ఆగిపోయింది.

"ఆలస్యమైపోయిందా సిస్టర్?"

"బయల్దేరండి," అంది నర్సు. "ఇప్పుడే బయల్దేరండి."