మనది కాని నలభై ఎనిమిది వేలు

గాజువాక మార్కెట్లో చేపలమ్మే తాతబాబుకు బ్యాంకుకు వెళ్లే రోజంటే పండగే. నెలకోసారి, బేరాలు పలచగా ఉండే సోమవారం పూట, చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకొని, తెల్ల చొక్కా వేసుకొని బయల్దేరేవాడు. రోజూ హార్బరులో వేలం పాడి తెచ్చిన చేపలను అతను తూచి అమ్మితే, భార్య పోతమ్మ పక్కనే కత్తిపీట ముందు కూర్చొని కోసి ఇచ్చేది. అలా ఇద్దరూ కూడబెట్టినది పదకొండు వేలు. సొంతంగా ఒక పాత సామాన్ల ఆటో కొనుక్కుంటే, సరుకు తేవడానికి రోజూ అద్దె పోసే బాధ తప్పుతుందని వాళ్ల ఆశ.

2002లో, వానలు మొదలైన నెల. ఆ సోమవారం పాస్‌బుక్కులో లెక్కలు వేయించుకొని బయటి మెట్ల మీద నిలబడి చూసుకున్నాడు. చదువు అంతంతమాత్రమే అయినా అంకెలు అతనికి బాగా తెలుసు. మొత్తం యాభై తొమ్మిది వేలు ఉంది. పై వరుసలో, తను ఎన్నడూ కట్టని నలభై ఎనిమిది వేలు జమ అయి ఉంది.

వెనక్కి తిరిగి లోపలికి వెళ్లి ఆ సంగతి చెప్పడానికి పది అడుగులు చాలు. ఆ పది అడుగులూ మనలో ఎంతమందిమి వేసేవాళ్లమో ఎవరికి వాళ్లం ఆలోచించుకోవాలి. తాతబాబు వెయ్యలేదు. లైను పెద్దదిగా ఉంది, రేపు చెబుదాం అనుకున్నాడు. రేపు కూడా అలాగే అనుకున్నాడు.

పది రోజులు గడిచాయి. ఎవరూ అడగలేదు. లోపల దాచుకోలేక తాతబాబు ఆ సంగతి పోతమ్మ తమ్ముడు కన్నబాబుకు చెప్పాడు.

"బేంకోల్ల తప్పుకి నువ్వేటి సేత్తావు బావా," అన్నాడు కన్నబాబు. "నువ్వేటైనా దొంగతనం సేసావా? ఆల్లే ఏసారు. అడిగిన్నాడు సూసుకుందాం."

తాతబాబుకు కావలసిన మాట అదే. మర్నాడే వెళ్లి నలభై వేలు తీశాడు. ఆ డబ్బుతో ఆటో కొన్నాడు. చీటీ పాడానని పోతమ్మకు అబద్ధం చెప్పాడు. ఆమె ఆటో ముందు అద్దానికి పసుపు రాసి, నిమ్మకాయలు కట్టింది.

ఆటో నడిపిన సంబరం వారం రోజులే. తరవాత భయం మొదలైంది.

బూట్లు వేసుకున్న మనిషి మార్కెట్లోకి వస్తే చాలు, తాతబాబు తూకం మరిచిపోయేవాడు. ఒక కానిస్టేబులు వచ్చి కిలో వంజరం తూయమన్నాడు. డబ్బులివ్వబోతే వద్దు వద్దని చేతులు జోడించాడు. ఆ కానిస్టేబులు నోట్లు బల్ల మీద పెట్టి, ఇతన్నొకసారి ఎగాదిగా చూసి పోయాడు. ఆ చూపు తలుచుకొని తాతబాబు ఆ పూట అన్నం ముట్టలేదు. బ్యాంకున్న వీధి మానేసి చుట్టు తిరిగి రావడం మొదలుపెట్టాడు. రోజువారీ డబ్బు బియ్యం డబ్బాలో దాస్తుంటే, బ్యాంకులో ఎందుకు వెయ్యడం లేదని పోతమ్మ అడిగింది. ఆమె మీద అనవసరంగా కసిరాడు.

ఆటో కొన్న నెలకు ఒక మధ్యాహ్నం, గొడుగు పట్టుకొని ఒక అమ్మాయి మార్కెట్లోకి రావడం దూరం నుంచే చూశాడు. బ్యాంకులో కంప్యూటరు ముందు కూర్చునే శ్రీసత్య. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా కాలేదు. ఆమె ఒక్కొక్క కొట్టు దగ్గరా ఆగి తాతబాబు గారి కొట్టు ఎక్కడని అడుగుతోంది. తాతబాబు ఐసు పెట్టెల వెనక్కి దూరి, మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. పోతమ్మ ఇంటికి వెళ్లి ఉంది. ఆ అమ్మాయి ఖాళీ కొట్టు ముందు చాలాసేపు నిలబడింది. పెట్టెల కింది నీళ్లు అతని లుంగీని తడిపేస్తున్నా కదల్లేదు. ఆమె వెళ్లిపోయాక లేవబోతే కాళ్లు తిమ్మిరెక్కి పడిపోయాడు. ఆ తరవాత మరి రెండుసార్లు, పోతమ్మ లేని మధ్యాహ్నం వేళే వచ్చింది. రెండుసార్లూ అతను అక్కడే దాక్కున్నాడు.

నాలుగోసారి ఆమె రాలేదు. రిజిస్టరు ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టి తీసుకొని విప్పి చూస్తే అంతా ఇంగ్లీషు. కింద గుండ్రటి ముద్ర. మధ్యలో నలభై ఎనిమిది వేలన్న అంకె ఒక్కటే అతనికి తెలిసింది. ఎవరిచేత చదివించాలి? చదివినవాడికి సంగతి తెలిసిపోతుంది. కోర్టుకు రమ్మన్నారో, జైలుకు పంపుతామన్నారో అనుకుంటూ, మడిచి ఒక పాత ఐసు పెట్టె అడుగున దాచాడు. పద్దెనిమిది రోజులు అది అక్కడే ఉంది. ఆ పద్దెనిమిది రోజుల్లో అతని చొక్కా వదులైపోయింది. అందరూ కామెర్లేమోనన్నారు.

పెట్టెలు కడుగుతుంటే ఉత్తరం పోతమ్మ చేతికి దొరికింది. ఇదేటని అడిగేసరికి తాతబాబు ఆ తడి నేల మీదే కూలబడి మొత్తం చెప్పేశాడు. ఆమె తిట్టలేదు.

"ఇందల ఏటి రాసుందో తెలీకుండానే ఇలాగయిపోనావు," అంది ఆ కాగితం చూపిస్తూ. "రాసినోల్లనే అడుగుదాం. లెగు, సొక్కా ఏసుకో."

బ్యాంకు మేనేజరు గంగాధరరావు గోదావరి జిల్లా మనిషి, రిటైరవడానికి దగ్గరగా ఉన్నాడు. పాస్‌బుక్కు, ఉత్తరం బల్ల మీద పెట్టి తాతబాబు జరిగిందంతా చెప్పాడు. మేనేజరు కళ్లజోడు సవరించుకొని ఆ ఉత్తరాన్ని తెలుగులో చెప్పాడు. పెందుర్తిలో ఉండే వేరే ఖాతాదారు చెక్కు పొరపాటున మీ ఖాతాలో జమ అయింది. పదిహేను రోజుల్లో ఒకసారి వచ్చి కలవండి, సరిచేస్తాం. ఒకవేళ డబ్బు వాడుకొని ఉంటే, ఎలా కట్టగలరో మాట్లాడుకుందాం. ఇంతే.

పద్దెనిమిది రోజులు తాతబాబు ఏ కాగితానికి వణికిపోయాడో, అందులో ఉన్నది రమ్మన్న పిలుపు.

అయితే గడువు దాటి మూడు రోజులైంది. మేనేజరు ఇంకో కాగితం చూపించాడు. పోలీసులకిచ్చే ఫిర్యాదు, టైపు చేసి సిద్ధంగా ఉంది. సంతకం ఒక్కటే తక్కువ.

"తమరు ఆ ఉత్తరం తెలుగులో రాసుంటే మావోడు సదువుకునీవోడు బాబూ," అంది పోతమ్మ. "సేపలమ్ముకునీవోలికి ఇంగిలీసులో రాత్తే ఏటి తెలుత్తాది?"

గంగాధరరావు తప్పేనమ్మా, ఇకమీదట తెలుగులోనే రాయిస్తానని ఒప్పుకొని, శ్రీసత్యను పిలిపించాడు. ఖాతా నంబరులో రెండు అంకెలు తారుమారు చేసింది ఆమే. ఉద్యోగం ఖాయం కాకుండా ఆగిపోయింది. ఆ సొమ్ము రాకపోతే జీతంలో కోస్తామని మెమో కూడా ఇచ్చారు. ఆమె ముఖం కూడా తాతబాబు ముఖంలాగే పీక్కుపోయి ఉంది.

"నువ్వొచ్చినప్పుడు నాను అక్కడే ఉన్నానమ్మా," అన్నాడు తాతబాబు తలెత్తకుండా. "పెట్టెల ఎనక."

"తెలుసండీ," అంది శ్రీసత్య. "మీ కాళ్లు కనబడ్డాయి. పిలిస్తే డబ్బు లేదు పొమ్మంటారేమోనని నాకే భయం వేసింది."

ఖాతాలో మిగిలిన పందొమ్మిది వేలు బ్యాంకు ఆ పూటే వెనక్కి తీసుకుంది. తక్కిన దానికి వారం గడువిచ్చింది. ఆటోను ముప్పై నాలుగు వేలకు అమ్మి ఆరో రోజునే కట్టారు. తమ పదకొండు వేలల్లో చివరకు ఐదు వేలు మిగిలాయి. గంగాధరరావు ఆ ఫిర్యాదు కాగితాన్ని వాళ్ల ఎదుటే చింపేశాడు. శ్రీసత్య మెమో రద్దుకు తనే పైకి రాస్తానన్నాడు. వాళ్లను కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు.

"బ్యాంకు పొరపాటు చేస్తే ఆ డబ్బు మీది అయిపోదు. ఎప్పటికైనా అడిగే హక్కు అసలు మనిషికి ఉంటుంది. మీది కాదని తెలిసీ తీసి వాడుకుంటే అది నేరం కింద కూడా పోవచ్చు. అందుకని ముట్టుకోకండి. చూసిన రోజునే వచ్చి చెప్పండి. నోటితో చెప్పి ఊరుకోకుండా రెండు వరుసలు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం చేయించుకోండి. రాయడం రాకపోతే మేమే రాసిపెడతాం. ఐదు నిమిషాల పని."

మర్నాటినుంచి తాతబాబు మళ్లీ అద్దె ఆటోలో సరుకు తెచ్చుకున్నాడు. సాయంత్రం కన్నబాబు వచ్చి, ఎంతైనా ఆల్లు నిన్నేటీ సెయ్యనేదు కదా, మరెందుకు బావా అన్నాళ్లు అంత భయపడి సచ్చావు అని అడిగాడు. తాతబాబు తక్కెడ కింద పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు.

"ఆల్లేటో సేత్తారని కాదురా," అన్నాడు. "ఆ డబ్బు నాది కాదని మొదటి రోజే నాకు తెలుసు. ఆ మాట ఆ రోజే ఆల్లతో సెప్పీసుంటే, భయపడ్డానికి నా కాడ ఏటీ ఉండేది కాదు."